మత్స్యశాస్త్ర పత్రికలలో వ్యాస భేదాలు

జహీరాబాదుకు చేరువనున్న న్యాల్‌కల్ ప్రాంతంలో నివసించేవారికి సముద్రం నిత్యం కంటికి కనిపించే వస్తువు కాదు. ఎర్రనేలలు, నల్లరేగళ్లు, జొన్న, కంది, శనగ, చెరకు, ఇవి అక్కడివారి దినచర్యలో మెదిలే మాటలు. అటువంటి చోట సముద్రశాస్త్రాన్ని, మత్స్యశాస్త్రాన్ని గురించిన పత్రికల ప్రస్తావన తెస్తే, ఇది మన ఊసు కాదని అనిపించడం సహజమే. కాని ఆ ప్రాంతానికి చేరువగా పారుతున్న మంజీర నది సంగతి ఒక్కమారు తలచుకుందాం. మహారాష్ట్రలోని బాలాఘాట్ కొండలలో పుట్టి, బీదరు సీమ మీదుగా తెలంగాణలో ప్రవేశించి, సింగూరు జలాశయాన్నీ నిజాంసాగరునూ నింపి, కందకుర్తి వద్ద అది గోదావరిలో కలుస్తున్నది. ఆ నీరు చివరకు చేరేది బంగాళాఖాతమే. నీటికి లేని సరిహద్దులు నీటి శాస్త్రానికి ఎక్కడివి?

మరొక సంగతి. మంజీరలో వల వేసే బెస్తవాడు పట్టే వాలుగ చేపకు ప్రపంచమంతటా శాస్త్రజ్ఞులు వాడే పేరులో మన తెలుగు మాటే దాగి ఉన్నది. ఊరి చెరువులో వానాకాలంలో వదిలే బొచ్చె, రోహు పిల్లలు ఏటేటా మనకు అందుతున్నవంటే, అందుకు మూలం ఒక శాస్త్ర పత్రికలో అచ్చయిన రెండే రెండు పుటల వ్యాసం. ఈ రెండు విషయాలనూ ముందుకు పోగా వివరిస్తాను. ఇప్పటికి చెప్పదలచినది ఇంతే: ఆ పత్రికలు ఎక్కడో దూరాన పండితులు తమలో తాము చదువుకునే కాగితాలు మాత్రమే కావు. వాటిలో వచ్చే వ్రాతల ఆధారంతోనే ఏ చేపను పెంచవచ్చునో, ఏ వలను నిషేధించవలెనో, ఏ నీరు చెడినదో ప్రభుత్వాలు నిర్ణయిస్తున్నవి. ఆ నిర్ణయాల ఫలం మాత్రం చేపలు పట్టేవారు, పెంచేవారు, కొని తినేవారు అనుభవిస్తున్నారు. కనుక ఆ పత్రికలలో ఎన్ని రకాల వ్యాసాలు వస్తవో, ఏ రకం వ్యాసాన్ని ఎంతవరకు నమ్మవచ్చునో తెలుసుకొనడం మనకు అవసరం.

ముందుగా శాస్త్ర పత్రిక అంటే ఏమిటో రెండు మాటలు. 1665లో లండన్ నగరంలో హెన్రీ ఓల్డెన్‌బర్గ్ అనే పండితుడు రాయల్ సొసైటీ అనుమతితో ఒక పత్రికను ప్రారంభించినాడు. అంతకు పూర్వం శాస్త్రజ్ఞులు తమ పరిశోధనలను ఉత్తరాలలో ఒకరికొకరు తెలుపుకొనేవారు, లేదా పెద్ద గ్రంథాలుగా అచ్చు వేయించేవారు. ఉత్తరం నలుగురికీ అందదు. గ్రంథం పూర్తి కావడానికి ఒక జీవితకాలం పడుతుంది. పత్రిక ఈ రెండింటికీ మధ్య మార్గమైనది. మన దేశంలో చేపలకూ సముద్రానికీ ప్రత్యేకించిన పత్రికలు స్వాతంత్ర్యం వచ్చిన తరువాత ఒకదాని వెంట ఒకటి వెలువడినవి. 1947లో కేంద్ర సముద్ర మత్స్య పరిశోధనాలయం, అదే సంవత్సరంలో లోతట్టు మత్స్య పరిశోధనాలయం ఏర్పడినవి. 1954లో 'ఇండియన్ జర్నల్ ఆఫ్ ఫిషరీస్', 1959లో భారత సముద్ర జీవశాస్త్ర సంఘపు పత్రిక, 1964లో కొచ్చిన్ నుంచి 'ఫిషరీ టెక్నాలజీ', 1969లో లోతట్టు మత్స్యశాస్త్ర సంఘపు పత్రిక ప్రారంభమైనవి. మన వాల్తేరులో ఆంధ్ర విశ్వకళాపరిషత్తు 1954లోనే సముద్రశాస్త్ర వ్యాసాలతో ఒక సంపుటాన్ని వెలువరించినది.

ఇట్టి పత్రికలకు వ్యాసం పంపినంత మాత్రాన అది అచ్చు కాదు. సంపాదకుడు దానిని ఆ విషయం తెలిసిన ఇద్దరు ముగ్గురు పండితుల పరిశీలనకు పంపుతాడు. వారు లోపాలు చూపుతారు, ప్రశ్నలు వేస్తారు, కొన్ని సందర్భాలలో తిరస్కరించవలసినదని సలహా ఇస్తారు. ఈ జల్లెడ గుండా వచ్చినది పత్రికకెక్కుతుంది. జల్లెడ ఎంత సన్ననిదైనా మట్టిబెడ్డ ఒకటి రెండు జారిపోవచ్చును. ఆ సంగతి చివర మనవి చేస్తాను.

ఇక వ్యాసాల రకాలలో మొదటిది, ముఖ్యమైనది, పరిశోధనా వ్యాసం. దీనికి ఒక కట్టుబాటు ఉన్నది. ఏ ప్రశ్నకు జవాబు వెదకినారు, ఏ పద్ధతిని అనుసరించినారు, ఏమి కనుగొన్నారు, దాని అర్థమేమిటి అనే నాలుగు భాగాలుగా అది నడుస్తుంది. వీటిలో పాఠకుడు తరచుగా దాటవేసే భాగం పద్ధతి. నిజానికి అన్నిటికంటె విలువైనది అదే. ఎన్ని చేపలను కొలిచినారు, ఏ మాసంలో పట్టినారు, ఏ కన్ను గల వల వాడినారు అన్నది అందులో ఉంటుంది. పెద్దకన్ను వల వేసినవాడికి చిన్నచేప దొరకదు. దొరకలేదు కనుక నదిలో చిన్నచేపలే లేవని అతడు వ్రాస్తే, ఆ పొరపాటును పట్టుకొనగలిగేది పద్ధతి చదివినవాడే.

ఈ జాతి వ్యాసాలకు మంచి ఉదాహరణ మదరాసు మత్స్యశాఖ సంచికలలో 1920ల తొలి సంవత్సరాలలో వెలువడినది. జేమ్స్ హోర్నెల్, ఎం. రామస్వామి నాయుడు అనే ఇద్దరు మలబారు తీరంలోని నూనె కవ్వల జీవితచరిత్రను సుదీర్ఘంగా వ్రాసినారు. కవ్వలు ఏమి తింటవి, ఎప్పుడు గ్రుడ్లు పెడతవి, ఎందుకు ఒక యేడు తీరమంతా వెండి పరచినట్లు వచ్చి మరొక యేడు ముఖం చాటేస్తవి అన్నది వారి ప్రశ్న. చేపల కడుపులు కోసి చూచి, సముద్రపు నీటిలో తేలే సూక్ష్మజీవులను పోల్చి చూచి, వారు ఆ జీవితచరిత్రను కూర్చినారు. నూరేండ్లు గడచినా నూనె కవ్వలను గురించి వ్రాసేవారు నేటికీ ఆ వ్యాసాన్ని తలచుకొనక తప్పదు. అట్లాగే, 1950లలో ఆంధ్ర విశ్వకళాపరిషత్తుకు వచ్చిన అమెరికా శాస్త్రజ్ఞుడు యూజీన్ లఫాండ్, తూర్పుతీరంలో అడుగునీరు పైకి ఉబికివచ్చే తీరును గురించి 1954 సంపుటంలో వ్రాసినాడు. అడుగునీటిలో పోషకద్రవ్యాలు అధికంగా ఉంటవి. అవి వెలుతురు పడే పైపొరలకు చేరితే సూక్ష్మమైన నాచు పెరుగుతుంది. నాచు ఉన్నచోటికి చిన్నచేప, చిన్నచేప ఉన్నచోటికి పెద్దచేప వస్తవి. రైతుకు ఎరువు ఎట్లాంటిదో సముద్రానికి ఈ ఉబికే నీరు అట్లాంటిది. చేప అన్న మాట ఒక్కటి లేకున్నా, నీటి వేడిమినీ ఉప్పదనాన్నీ కొలిచే వ్యాసాలు మత్స్యశాస్త్రానికి ఎందుకు కావలెనో దీనివలన తెలుస్తుంది.

రెండవ రకం లఘు వ్యాసం. ఒక్కటే సంగతి, కొద్ది పుటలు. పూర్తి పరిశోధన ముగియకముందే, ఇతరులకు వెంటనే తెలియవలసిన విషయమని తోచినప్పుడు దీనిని పంపుతారు. దీని పొట్టితనాన్ని చూచి చులకన చేయరాదు. మన దేశపు చేపల పెంపకం ఒక లఘు వ్యాసంతో మలుపు తిరిగినది. బొచ్చె, రోహు, మృగాల్ జాతులు పారే నదిలో వరదకాలంలో గ్రుడ్లు పెడతవి గాని, కదలని చెరువు నీటిలో పెట్టవు. అందువలన పూర్వం చేపపిల్లలు కావలెనంటే నదులలో వలలు కట్టి పట్టుకొని, దూరప్రాంతాలకు మోసుకొనిపోవలసి వచ్చేది. ఆ పిల్లలలో అక్కరలేని జాతులు, తోటి చేపలను తినే జాతులు కలిసి వచ్చేవి. దారిలో చచ్చేవి చచ్చేవి. చేప తలలో మెదడు అడుగున పిట్యూటరీ అనే చిన్న గ్రంథి ఉన్నది. గ్రుడ్లు విడిచే ప్రేరణ దాని రసం నుంచి కలుగుతుంది. దక్షిణ అమెరికాలో 1930లలో ఈ విషయంపై ప్రయోగాలు జరిగినవి. హీరాలాల్ చౌధురి అనే శాస్త్రజ్ఞుడు 1957 జూలై 10వ తేదీన ఒరిస్సాలోని అంగుల్‌లో ఆ గ్రంథి రసాన్ని సూదిమందుగా ఇచ్చి, మన దేశపు పెంపుడు చేపలచేత నిలువనీటిలోనే గ్రుడ్లు పెట్టించగలిగినాడు. కె. హెచ్. ఆలికున్హితో కలిసి వ్రాసిన ఆ వార్త అదే సంవత్సరం 'కరెంట్ సైన్స్' పత్రికలో రెండు పుటలలో వెలువడినది. నేడు జూలై 10వ తేదీని దేశమంతటా చేపరైతుల దినంగా పాటిస్తున్నారు. తెలంగాణ ప్రభుత్వం 2016లో చెరువులలో ఉచితంగా చేపపిల్లలను వదిలే పథకం ప్రారంభించగలిగినదంటే, కోట్లకొలదిగా పిల్లలను ఉత్పత్తి చేసే కేంద్రాలు అప్పటికే ఉండబట్టి. ఆ కేంద్రాలు ఏర్పడినవంటే ఆ రెండు పుటల వలన.

అయితే లఘు వ్యాసానికి ఒక హద్దు ఉన్నది. ఇది సాధ్యమేనని అది చెబుతుంది. ప్రతిచోటా, ప్రతి ఋతువులో, ప్రతి చేతిలో సాధ్యమని చెప్పదు. రసం ఎంత మోతాదులో ఇవ్వవలెను, నీటి వేడిమి ఎంత ఉండవలెను, పుట్టిన పిల్లలలో ఎన్ని బ్రతుకుతవి అన్న ప్రశ్నలకు తరువాతి సంవత్సరాలలో ఎందరో పూర్తి వ్యాసాలు వ్రాసిన పిమ్మటనే ఆ పద్ధతి రైతు చేతికి వచ్చినది. కనుక ఒక్క లఘు వ్యాసాన్ని చూపి, ఇది కొత్త మందు, వెంటనే కొనండి అని ఎవరైనా అంటే, తరువాతి వ్యాసాలు ఏవి అని అడగవలెను.

మూడవ రకం వర్గీకరణ వ్యాసాలు, జాబితాలు. ఏ నీటిలో ఏ జాతులు ఉన్నవి, వాటిని ఎట్లా గుర్తించవలెను అన్నది వీటి విషయం. పైకి ఇవి పేర్ల పట్టికల వలె నీరసంగా కనిపిస్తవి. కాని వీటి వెనుక ఆసక్తికరమైన చరిత్ర ఉన్నది. పద్దెనిమిదవ శతాబ్ది చివర విశాఖపట్నంలో పాట్రిక్ రస్సెల్ అనే వైద్యుడు ఉండేవాడు. రక్తపింజరికి ఇంగ్లీషులో ఆయన పేరే పెట్టినారు. ఆయన అక్కడి చేపలకు బొమ్మలు వేయించి, వర్ణనలు వ్రాసి, రెండువందల చేపలతో ఒక గ్రంథాన్ని 1803లో లండన్‌లో ప్రచురింపించినాడు. ఆ చేపలకు ఆయన కొత్త లాటిన్ పేర్లు కల్పించడానికి తొందరపడలేదు. జాలరులు ఏ పేరుతో పిలిచేవారో ఆ పేరునే తన చెవికి వినిపించిన తీరున ఇంగ్లీషు అక్షరాలలో వ్రాసుకొన్నాడు. అట్లా వాలుగ అన్న మాట 'వల్లగూ' అయినది. దాని ఆధారంగానే 1851లో బ్లీకర్ అనే డచ్చి పండితుడు ఆ చేపల కుదురుకు 'వల్లాగో' అనే పేరు పెట్టినాడు. నేటికీ జపానులో గాని, జర్మనీలో గాని ఏ పండితుడు ఈ చేపను గురించి వ్రాసినా 'వల్లాగో అట్టు' అనే వ్రాయవలెను. పేరు తెలియని ఒక తెలుగు జాలరి పలికిన పలుకు ఈ విధంగా శాస్త్రంలో నిలిచిపోయినది.

మన ప్రాంతానికి సంబంధించిన జాబితాలు కూడ ఉన్నవి. హైదరాబాదు సంస్థానపు చేపల పరిశీలనను గురించి ఎం. రహీముల్లా వ్రాసిన వ్యాసాలు 1940లలో బొంబాయి ప్రకృతి చరిత్ర సంఘపు పత్రికలో వరుసగా వెలువడినవి. వాటిలో ఒక భాగం, ఎస్. మహమూద్‌తో కలిసి 1947లో ప్రచురించినది, నిజామాబాదు జిల్లా చేపలను గురించినది. మంజీర గోదావరిలో కలిసేది ఆ జిల్లాలోనే అన్నది గుర్తుంచుకొనవలెను. అప్పటికి నిజాంసాగరు ఉన్నది గాని సింగూరు ఆనకట్ట లేదు. పారే నది నిలిచే జలాశయంగా మారినప్పుడు కొన్ని జాతులు తగ్గుతవి, కొన్ని పెరుగుతవి. బయటి దేశాల నుంచి తెచ్చిన తిలాపియా వంటివి ప్రవేశించి పాతవాటి చోటు ఆక్రమించవచ్చును. ఏది పోయినది, ఏది కొత్తగా వచ్చినది అని తేల్చడానికి పాత జాబితాయే సాక్షి. జాబితా లేనిచోట ఒక చేప మాయమైనా, అది ఒకప్పుడు ఉండేదని ఋజువు చేయడం కష్టం. గ్రామంలో పొలానికి పహాణీ ఎట్లాంటిదో నదికి ఈ జాబితా అట్లాంటిది.

నాలుగవ రకం గణాంక వ్యాసాలు. సముద్రంలో చేపలు ఎన్ని ఉన్నవో ఎవరూ లెక్కపెట్టలేరు. కాని పట్టుబడిన చేపలనుబట్టి ఊహించవచ్చును. కేంద్ర సముద్ర మత్స్య పరిశోధనాలయం తీరమంతటినీ మండలాలుగా విభజించి, కొన్ని రేవులను, కొన్ని దినాలను, కొన్ని పడవలను ఒక క్రమం ప్రకారం ఎన్నుకొని, వాటిపై దిగిన చేపలను తూచి, మొత్తం రాబడిని అంచనా కడుతుంది. అన్నం ఉడికినదో లేదో చూడటానికి కుండలో మెతుకులన్నీ పట్టి చూడనక్కరలేదు గదా. అయితే మెతుకు పట్టి చూచేవాడు అన్నాన్ని కలియబెట్టి చూడవలెను. పైపొర మాత్రమే చూస్తే మోసపోతాడు. ఎన్నిక క్రమం ప్రకారం జరగవలెననడంలో అర్థం అదే.

ఈ వ్యాసాలు చదివేటప్పుడు ఒక్క మెలకువ కావలెను. ఒక చెరువులో నిరుడు 10 వలలు వేసి 100 కిలోలు పట్టినారనుకొందాం. ఈ యేడు 20 వలలు వేసి 120 కిలోలు పట్టినారు. మొత్తం చూస్తే రాబడి పెరిగినది. కాని వల ఒక్కింటికి చూస్తే 10 కిలోల నుంచి 6 కిలోలకు దిగినది. మొదటి లెక్క చూచినవాడు చెరువు కళకళలాడుతున్నదని సంతోషిస్తాడు. రెండవ లెక్క చూచినవాడు పడవలసిన శ్రమ పెరిగినదని, చేపలు తగ్గుతున్నవేమోనని అనుమానిస్తాడు. అందుకే మంచి గణాంక వ్యాసం పట్టుబడినదాన్ని ఒక్కదానినే చెప్పక, దానికై పడిన శ్రమను కూడ చెబుతుంది.

ఐదవ రకం ఘటనా నివేదిక. ఒకచోట హఠాత్తుగా చేపలు తెల్లవారేసరికి తేలిపోయినవి. ఒక తీరానికి తిమింగిలం కొట్టుకొని వచ్చినది. ఒక కొత్త రోగం చెరువులలో కనిపించినది. ఇట్టివాటిని తేదీ, స్థలం, నీటి స్థితి, చచ్చిన జీవాల సంఖ్యలతో నమోదు చేసే వ్యాసం ఇది. 1994–95 ప్రాంతంలో తూర్పుతీరపు రొయ్యల చెరువులను తెల్లమచ్చ వ్యాధి తుడిచిపెట్టినప్పుడు, అప్పులు చేసి చెరువులు త్రవ్వించిన కుటుంబాలు ఎన్నో కుంగిపోయినవి. నీరు చెడినదా, మేత చెడినదా, విత్తనం చెడినదా అని తెలియక రైతులు చేతికందిన మందెల్లా చల్లినారు. ఆ రోగానికి మూలం ఒక వైరస్ అని, తల్లిరొయ్య నుంచి పిల్లకు సంక్రమించగలదని శాస్త్ర పత్రికలలోని నివేదికలు స్థిరపరచిన తరువాతనే, పరీక్షించిన విత్తనాన్నే చెరువులో వదలవలెనన్న నియమం పాదుకొన్నది.

మంజీర విషయంలో ఈ రకం నివేదికలకు మరింత ప్రాముఖ్యం ఉన్నది. దిగువన పటాన్‌చెరు పరిశ్రమల వ్యర్థజలాలు నక్కవాగు గుండా మంజీరకు చేరడం మీద 1990లో సుప్రీంకోర్టులో వ్యాజ్యం దాఖలైనది. న్యాయస్థానంలో కావలసినది ఆవేదన కాదు, ఆధారం. ఏ తేదీన, ఏ చోట, నీటిలో ఏమున్నది అన్న ప్రశ్నకు జవాబు చెప్పగల కాగితం కావలెను. చేపలు చచ్చినమాట ఊరివారందరికీ తెలిసి ఉండవచ్చును. వ్రాసిపెట్టినవాడు లేకపోతే ఆరుమాసాల తరువాత అది వదంతిగా మిగులుతుంది.

ఆరవ రకం సమీక్షా వ్యాసం. ఇందులో వ్రాసేవాడు కొత్తగా ప్రయోగమేమీ చేయడు. ఒక విషయంపై అంతవరకు వచ్చిన పదుల కొలది, వందల కొలది వ్యాసాలను చదివి, ఎక్కడ అవి ఏకీభవిస్తున్నవో, ఎక్కడ విభేదిస్తున్నవో, ఏ ప్రశ్న ఇంకా మిగిలి ఉన్నదో తేల్చి చెబుతాడు. పంచాయతీలో నలుగురి మాటా విని తీర్పు చెప్పే పెద్దమనిషి వంటివాడు ఇతడు. కొత్తగా చేపల పెంపకం నేర్చుకొనేవారికి, బోధించేవారికి, అధికారులకు ఈ రకమే అన్నిటికంటె ఎక్కువ ఉపకరిస్తుంది. అయితే పెద్దమనిషి ఎవరెవరి మాట విన్నాడో, ఎవరిని విననే లేదో చెప్పవలెను. ఏ వ్యాసాలను ఏ నియమం ప్రకారం ఎన్నుకొన్నదీ చెప్పని సమీక్షను కొంచెం జాగ్రత్తగానే చదవవలెను.

ఏడవది వాదప్రతివాదాల శీర్షిక. ఒకరి వ్యాసంపై మరొకరి ఆక్షేపణ, దానికి మొదటివారి సమాధానం, రెండూ ప్రక్కప్రక్కనే అచ్చవుతవి. 2006లో బోరిస్ వార్మ్, అతని తోటివారు 'సైన్స్' పత్రికలో ఒక వ్యాసం వ్రాస్తూ, అప్పటి ధోరణి ఇట్లాగే సాగితే 2048 నాటికి ప్రపంచంలో పట్టబడుతున్న సముద్రజాతులన్నీ కూలిపోగలవని లెక్క చూపినారు. వార్తాపత్రికలన్నీ ఆ సంవత్సరాన్ని పెద్ద అక్షరాలలో అచ్చు వేసినవి. రే హిల్‌బోర్న్ మొదలైన పండితులు దానిని గట్టిగా ఆక్షేపించినారు. పట్టుబడి తగ్గినంత మాత్రాన చేపలు తగ్గినవనరాదని, ప్రభుత్వం వేటను కట్టడి చేసినా పట్టుబడి తగ్గుతుందని వారి వాదం. ఇందాక మనం వల ఒక్కింటికి కట్టిన లెక్క ఇక్కడ జ్ఞాపకం చేసుకొనవచ్చును. తరువాత జరిగినది గమనించదగినది. ఆ ఇద్దరూ తమ తమ లెక్కలను ఒకచోట చేర్చి, కలిసి పనిచేసి, 2009లో ఉమ్మడిగా వ్యాసం ప్రచురించినారు. బాగా పరిశీలించిన 10 సముద్ర ప్రాంతాలలో 5 చోట్ల వేట ఒత్తిడి తగ్గినదని, అయినా లెక్కకు అందిన చేపల సమూహాలలో నూటికి 63 ఇంకా కోలుకొనవలసిన స్థితిలోనే ఉన్నవని వారు తేల్చినారు. భయపెట్టినవారి మాట పూర్తిగా నెగ్గలేదు, ధైర్యం చెప్పినవారి మాటా పూర్తిగా నెగ్గలేదు. మొదటి వార్త చదివి తరువాతి వ్యాసం చదవనివారు మాత్రం నేటికీ 2048 అనే చెబుతున్నారు.

ఎనిమిదవది అభిప్రాయ వ్యాసం. ఇందులో లెక్కలు తక్కువ, ఆలోచన ఎక్కువ. 1995లో డేనియల్ పాలీ అనే మత్స్యశాస్త్రవేత్త ఒక్క పుటలో ఒక మాట చెప్పినాడు. ప్రతి తరంవారూ తమ యౌవనంలో చూచిన చేపల సంఖ్యనే సహజమైన సంఖ్య అనుకొంటారు. తాత చూచినది తండ్రికి తెలియదు, తండ్రి చూచినది కొడుకుకు తెలియదు. నీరు, చేప క్రమంగా తరిగిపోతున్నా ప్రతివాడికీ తరిగినది కొంచెమే అనిపిస్తుంది. కాబట్టి పాతవారి జ్ఞాపకాలను, పాత వ్రాతలను శాస్త్రజ్ఞులు కొట్టివేయక లెక్కలోకి తీసుకొనవలెనని ఆయన వాదం. మంజీర ఒడ్డున ఉన్న వృద్ధుల మాటకు శాస్త్రంలో చోటు ఉన్నదని ఈ ఒక్క పుట మనకు భరోసా ఇస్తున్నది. వారు ఒకప్పుడు చూచిన చేపలేవి, ఎంత పొడవున్నవి, ఏ కార్తెలో ఎదురెక్కి వచ్చేవి అన్న సంగతులను వారు ఉండగానే వ్రాసిపెట్టుకొనడం మంచిది.

ఇక మిగిలినవి చిన్నవి. సంపాదకీయం, గ్రంథ విమర్శ, గతించిన శాస్త్రజ్ఞులపై సంస్మరణ, కొత్త పరికరాన్ని లేదా కొత్త వలను వివరించే సాంకేతిక వ్యాసం, ఇవి తరచు కనిపిస్తవి. వీటిలో రెండింటిని మాత్రం ప్రత్యేకంగా చెప్పవలెను: సవరణ, ఉపసంహరణ. అచ్చులో అంకె తప్పు పడితే తరువాతి సంచికలో సవరణ ప్రకటిస్తారు. వ్యాసం పునాదే నమ్మదగనిదని తేలితే దానిని ఉపసంహరిస్తారు. 2016లో స్వీడన్ దేశపు ఉప్సల విశ్వవిద్యాలయానికి చెందిన ఇద్దరు, చేపపిల్లలు సహజమైన ఆహారాన్ని విడిచి ప్లాస్టిక్ కణాలనే తింటున్నవని 'సైన్స్' పత్రికలో వ్రాసినారు. ఇతర శాస్త్రజ్ఞులు మూలపు లెక్కలు చూపమన్నారు. అవి సరిగా చూపలేకపోయినారు. 2017లో ఆ వ్యాసాన్ని పత్రిక ఉపసంహరించినది. ప్లాస్టిక్ వలన నీటికి హాని లేదని దీని అర్థం కాదు. ఆ ఒక్క వ్యాసాన్ని సాక్ష్యంగా చూపరాదని మాత్రమే. ఇందాక చెప్పిన జల్లెడలో నుంచి జారిన బెడ్డను ఏరివేసే పని ఇది. తప్పును బహిరంగంగా ఒప్పుకొనే పత్రికను చూచి నమ్మకం తగ్గించుకొనరాదు. ఎన్నడూ సవరణ ప్రకటించని పత్రికనే శంకించవలెను.

ఈ సందర్భంలో ఒక హెచ్చరిక. శాస్త్ర పత్రికల వేషం వేసుకొని, డబ్బు పుచ్చుకొని, ఎవరి పరిశీలనా లేకుండా ఏది పంపినా అచ్చు వేసే పత్రికలు ఈ కాలంలో వెలసినవి. వాటి పేర్లు ఘనంగా ఉంటవి. కొందరు వ్యాపారులు తమ మేతకు, మందుకు గొప్ప చెప్పుకొనడానికి వాటిలో అచ్చయిన కాగితాలు చూపుతారు. అచ్చయినది గనుక శాస్త్రమే అని అనుకొనరాదు.

కనుక చేపలను గురించి, నీటిని గురించి శాస్త్రజ్ఞులు ఫలానా సంగతి కనుగొన్నారని విన్నప్పుడు నాలుగు ప్రశ్నలు వేసుకొంటే చాలును. ఇది ఏ రకం వ్యాసం? ఎన్ని చేపలను, ఎన్ని చెరువులను, ఎంతకాలం చూచి చెప్పినారు? మన నీటికి, మన వాతావరణానికి ఇది వర్తిస్తుందా? దీని తరువాత మరెవరైనా దీనిని సమర్థించినారా, ఖండించినారా? ఈ ప్రశ్నలు అడగడానికి పట్టభద్రులు కానక్కరలేదు. ఊరి మత్స్య సహకార సంఘంలో చదువు వచ్చిన యువకుడు ఒక్కడున్నా చాలును. పైన పేర్కొన్న భారతీయ పత్రికలలో పెక్కింటి సంచికలు ఇప్పుడు ఇంటర్నెట్టులో ఉచితంగానే చదువుకొనవచ్చును.

అంతకంటె ముఖ్యమైన పని మరొకటి ఉన్నది. శాస్త్ర పత్రికలలోని ప్రతి వ్యాసానికీ మూలం ఎవడో ఒకడు నీటి ఒడ్డున కూర్చొని వ్రాసుకొన్న చిత్తుపుస్తకం. న్యాల్‌కల్ వైపు చెరువులలోను, మంజీరలోను వల వేసేవారు కూడ అట్టి పుస్తకం ఒకటి పెట్టుకొనవచ్చును. తేదీ, చోటు, ఏ కన్ను వల, ఎన్నిమార్లు వేసినది, ఏ చేప ఎంత బరువు. పిల్లలు వదిలితే ఏ దినాన, ఎన్ని, ఏ పరిమాణంలో. చేపలు చస్తే ఎన్ని గంటలకు చూచినది, నీటి రంగు, వాసన ఎట్లా ఉన్నది, ఇంతే. రోజుకు నాలుగు పంక్తులు. చేపలకు తాము పిలుచుకొనే పేరునే వ్రాయవలెను. వాలుగ అన్న మాట ఎంత దూరం పోయినదో ఇందాక విన్నాము. ఇటువంటి పుస్తకం అయిదేండ్లు నడిస్తే, సంఘం వారు జిల్లా మత్స్యశాఖ కార్యాలయానికి పోయి, ఈ సైజు పిల్ల మాకు పనికిరాదు, ఇంకొంచెం పెద్దదాన్ని ఇవ్వండి అని అంకెలతో అడగగలుగుతారు. నీరు చెడినప్పుడు దానిని సాక్ష్యంగా చూపగలుగుతారు. ఏ విశ్వవిద్యాలయపు పరిశోధకుడైనా మంజీరను గురించి వ్యాసం వ్రాయడానికి వచ్చిననాడు, అతడు మొదట అడిగేది ఆ పుస్తకాన్నే.